దాచిన చివరి వారం

నా చిన్నప్పుడు, మా అమ్మ చనిపోయిన ఏడాది, మేము మద్రాసులో చూలై పేటలో నాలుగు వాటాల ఇంట్లో ఒక వాటాలో ఉండేవాళ్లం. పక్క వాటాలోని అక్క బైండింగు షాపులో పుస్తకాలు కుట్టేది. వారపత్రికల్లో వచ్చే తెలుగు సీరియళ్లను వారం వారం కత్తిరించి, అవి పూర్తయ్యాక గుడ్డ అట్ట వేసి తానే కుట్టుకునేది. మా వీధిలో ఆమె దగ్గర పుస్తకం అడగని తెలుగువాళ్లు లేరు.

అమ్మ పోయాక నేను మాట్లాడటం మానేశాను. ఏడవలేదు కూడా. ఉలుకూ పలుకూ లేని పిల్లను ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తోచలేదు. అక్క మాత్రం ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఈయన్ని చదివి చూడు పాపా. రాకెట్లని, నక్షత్రాలని రాస్తాడు గానీ, అంతా ఇంట్లో మాటే ఉంటాది."

కథలో ఒక తల్లి ఎక్కడో నక్షత్రానికి వెళ్తుంది. ఆమె పలికిన మాట భూమికి చేరడానికి ఏళ్లు పడుతుంది. కూతురు రోజూ సాయంత్రం రేడియో ముందు కూర్చుని ఎదురుచూస్తుంది. పుస్తకం అక్కడే ఆగిపోయింది. చివరి వారం పత్రిక ఎక్కడో పోయిందంది అక్క. ఆ మాట వచ్చిందా అని అడిగాను. ఎన్ని నెలలకో నా నోట వచ్చిన మాట అది. అక్క మొహం పక్కకు తిప్పుకుని, "వచ్చిందిలే" అంది.

ఇక నన్ను ఆపడం ఎవరి తరం? బడి నుంచి రాగానే మా రేడియో తిప్పి, రెండు స్టేషన్ల మధ్య గరగరలాడే చోట ఆపి చెవి ఆనించేదాన్ని. ఒకనాడు ఆ గరగరలో నా పేరు వినిపించింది. ఇప్పటికీ ఒట్టు వేసి చెబుతాను, వినిపించింది. లేచి వెళ్తే అమ్మ మాట తప్పిపోతుందని అన్నం కూడా మానేశాను. మూడో రోజుకు జ్వరం వచ్చింది.

సంగతి తెలిసి అక్క సూదీ దారంతో, నాలుగు కాగితాలతో పరుగున వచ్చింది. అవి చివరి వారానివే.

"తప్పు నాదే పాపా. నీకిచ్చే ముందు నేనే కుట్టు విప్పి తీసేసినా. నువ్వు తట్టుకోలేవనుకున్నా. ఈడ కూచోని చదువు, నేనుండా."

అందులో మాట రాలేదు. కూతురు ముసలిదై, ఒక సాయంత్రం రేడియో కట్టేసి, పొయ్యి మీద అన్నం పెట్టుకుంటుంది. అంతే. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ పోయిన రోజు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. అక్క ఆ కాగితాలను నా కళ్ల ముందే తిరిగి పుస్తకంలో కుట్టి, చారన్నం కలిపి తెచ్చింది.

మొన్న మైలాపూరులో, నేను వెళ్లే గ్రంథాలయంలో, తండ్రి పోయి నెల కూడా కాని ఒక అమ్మాయి ఏదైనా మంచి రచయితను చెప్పమంది. ఆ రేడియో కథ రాసినాయన పేరే చెప్పాను. అక్క నాకే వదిలిన ఆ పాత పుస్తకం మర్నాడు తీసుకెళ్లి, చివరి కాగితాలు ఉన్నాయో లేదో వేలితో తడిమి చూసుకుని మరీ ఇచ్చాను. ముగింపు మాత్రం మా ఇంటికొచ్చి చదవమన్నాను. ఈ ఆదివారం వస్తానంది. బియ్యం ఇంకో గ్లాసు ఎక్కువ పోయాలి.

నాకు డెబ్బై దాటాయి. రేడియోలో స్టేషను మార్చేటప్పుడు ఆ గరగర దగ్గర ఇప్పటికీ నా చెయ్యి ఆగుతుంది. కాసేపు వింటాను. తర్వాత కట్టేసి పొయ్యి దగ్గరికి వెళ్తాను.