రజియా ఆపా గిర్ని బందు పెట్టిన రోజు

మొన్న జనగామ బస్టాండు పక్క వీధిలో ఎవరో మిరపకాయలు పట్టిస్తున్నారు. ఆ ఘాటుకు తుమ్ములు ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయాను. అందరికీ అక్కలాంటి రజియా ఆపా గుర్తుకొచ్చింది.

తెలంగాణ ఉద్యమం సాగుతున్న రోజుల్లో మహబూబాబాద్‌లో బడిపంతులుగా చేరి, ఆపా పిండి గిర్ని మీది గదిలో అద్దెకున్నాను. భర్త పోయాక ఆమే గిర్ని నడిపేది, కారం పట్టి అమ్మేది. ఎవరు పండించారో తెలియని బస్తా ముట్టేది కాదు. కేసముద్రం దగ్గరి పల్లెలో సమ్మయ్య, లక్ష్మి అనే ఆలుమగలు పురుగుమందు కొట్టకుండా పండించిన కాయలే తెప్పించేది. ఆ కారం అంత ఎర్రగా ఉండేది కాదు. మొదట్లో జనం మూతి విరిచారు. ఎందుకిలా అని నేనూ అడిగాను.

"ఎర్రగుండాల్నంటే రంగు కలపాలె సారూ. గది నాతోని కాదు," అంది.

రెండేళ్ళు తిరిగేసరికి పోయినవాళ్ళే తిరిగొచ్చారు. ఆపా కవర్లివ్వదని ఇంటినుంచే డబ్బాలు తెచ్చుకునేవారు.

ఒక మిరప కాలంలో వరస బందులతో లారీలు ఆగిపోయాయి. ఊళ్ళో కారం దొరక్క గిర్ని ముందు జనం మూగారు. అప్పుడు సైకిల్ మీద సమ్మయ్య వచ్చాడు. సైకిలును అక్కడే పడేసి లోపలికి ఉరికాడు.

"ఆపా, లక్ష్మి సర్కారు దవాఖానల ఉన్నది. చేన్ల మందు కొట్టుకుంట పడిపోయింది. నీకు పంపిన కాయలకు గూడ కొట్టినం."

ఆపా గిర్ని ఆపేసింది.

"పురుగు పట్టిందని ఎందుకు చెప్పలే?"

"చెప్తే కాయలు వద్దంటవని..."

ఆపా అతని దగ్గరికి వచ్చింది. అతన్ని తిడుతుందనుకున్నాను. "నేనంటే నీకు గంత భయమా? తప్పు నాది గూడ," అంది. తర్వాత జనం వైపు తిరిగింది. "ఈసారి కారం కొన్నోళ్ళు వండకుండ్రి. వాపస్ తేండ్రి." అంత గిరాకీ ముందర ఆ మాట! నా చెవులను నేనే నమ్మలేదు. గిర్నికి తాళం వేసి, సమ్మయ్యతో దవాఖానకు నడిచింది.

ఇక ఆ గడప ఎవరూ తొక్కరనుకున్నాను. సాయంత్రం ఆపా దవాఖాన నుంచి వచ్చేసరికి డబ్బాలు తిరిగొచ్చాయి. ఒకప్పుడు ఆ కారాన్ని వెక్కిరించిన ముసలవ్వ డబ్బా దించి, "గా పిల్ల ఎట్లున్నది, ఆపా?" అని అడిగింది. అన్నేళ్ళు ఆ కారం తిన్నాను. దాని వెనక ఒక మనిషి ఉందని నాకెన్నడూ తోచలేదు.

లక్ష్మి బతికింది. ఆ ఏడు చాలామంది పచ్చిమిరపతోనే వండుకున్నారు గాని, వేరే కారం కొనలేదు. మరుసటేడు పురుగు పట్టగానే సమ్మయ్య మందు కొట్టకుండా వచ్చి చెప్పాడు. మచ్చపడ్డ కాయలను ఆపా వద్దనలేదు, ఆ కారాన్ని జనమూ వద్దనలేదు.

ఆపా ఇప్పుడు లేదు. ఏ దుకాణానికి వెళ్ళినా, ఇది ఎవరు పండించారు, వాళ్ళు బాగున్నారా అని అడుగుతాను. చాలాచోట్ల నన్ను వింతగా చూస్తారు. అయినా అడుగుతూనే ఉన్నాను.