మేడమీది నుంచి చూసిన అంగడి

మా ఆయన రైల్వే గేటు దగ్గర స్కూటరు మీది నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. మూడు నెలలు మెట్లు దిగకూడదని డాక్టరు చెప్పాడు. ఆదోనిలో మాది బట్టల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు.

మొదటి వారం ఆయన మంచం మీద నుంచే చేతికర్రతో నేలను కొట్టేవారు. ఆ చప్పుడుకు కింద పనిచేసేవాళ్లలో ఎవరో ఒకరు పైకి పరుగెత్తుకు రావాలి. ఎవరొచ్చారు, ఏం చూశారు, ఎందుకు కొనకుండా పోయారు అని అడిగేవారు. వాళ్లు ఏం చెప్పినా ఆయనకు తృప్తి ఉండేది కాదు. అన్నం కూడా సరిగ్గా తినేవారు కాదు.

అది చూసి, కర్నూలులో కంప్యూటర్ల వ్యాపారం చేసే మా మరిది ఒక కెమెరా తెచ్చాడు. బోర్లించిన గిన్నెలా ఉండేది. దాన్ని అంగడి మధ్యలో పైకప్పుకు బిగించి, వైరును గోడ వెంట పైకి లాగి, కిటికీలోంచి మా అమ్మాయి కంప్యూటరుకు కలిపాడు. తెర మీద అంగడి, పక్కన నాలుగు బాణం గుర్తులు. ఎడమ బాణం నొక్కితే కింద కెమెరా ఎడమకు తిరిగేది. ఇంకో గుర్తు నొక్కితే దూరంగా ఉన్నది దగ్గరికి వచ్చేది. బొమ్మ మాత్రం ఆగి ఆగి వచ్చేది. వాకిట్లో కనిపించిన మనిషి మరుక్షణం గల్లాపెట్టె ముందు ఉండేవాడు.

పడుకున్న మనిషికి మౌసు పట్టడం కుదరలేదు. అమ్మాయేమో హాస్టల్లో ఉంది. సెలవుల్లో అది నేర్పినంత కంప్యూటరు నాకే వచ్చు. అట్లా ఆయన చెప్పడం, నేను తిప్పడం మొదలైంది.

"ఎడమకు తిప్పు. ఇంగ కొంచెం. ఆ, చాలు. ఎవురామె, అంత సేపట్నుంచి నిలబడే ఉండాది?"

నాకు పెళ్లై అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఆడవాళ్లు అంగడిలో కూర్చునే పద్ధతి మా ఇంట్లో లేదు. దసరా పూజకు దిగి, హారతి తీసుకుని పైకి వచ్చేసేదాన్ని. మిగతా రోజుల్లో నాకు అంగడి అంటే చప్పుళ్లే: పొద్దున షట్టరు లేపడం, బట్ట పర్రుమని చింపడం, బేరాలు. ఇప్పుడు ఆ చప్పుళ్లకు మనుషులు కనిపించసాగారు.

పనివాళ్లకు మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. కెమెరా తమవైపు తిరిగితే చాలు, కుర్రవాళ్లు నిటారుగా నిలబడేవారు. పెద్దాయన ఒక్కడే తల ఎత్తి చూసేవాడు కాదు. మా మామగారి కాలంలో ఆలూరు పక్క పల్లె నుంచి వచ్చి పనికి కుదిరినవాడు. చీర మడతలు విదిలించి పరిచే తీరులో ఆయనకు సాటి లేరు.

మధ్యాహ్నం మాత్ర వేసుకుని మా ఆయన నిద్రపోయేవారు. నేను కంప్యూటరు ముందు నుంచి లేచేదాన్ని కాదు. ఒకరోజు పత్తికొండ వైపు నుంచి ఒక తల్లీ కూతురూ పెళ్లిచీరలకు వచ్చారు. కుర్రవాడు ఎర్రవన్నీ వేస్తున్నాడు. తల్లి తల ఊపుతోంది గానీ, పక్కన తీసిపెట్టిన నీలం చీర అంచును వేళ్లతో తడుముతూనే ఉంది. దగ్గరికి చేసి చూశాను. అవును, ఆమె మనసు దానిమీదే ఉంది. కిందికి ఫోన్ చేసి ఆ నీలం చీర విప్పి చూపించమన్నాను. విప్పగానే తల్లి కూతురి భుజం మీద వేసి చూసి నవ్వింది. నేనూ నవ్వాను, పైన ఒక్కదాన్నే.

సాయంత్రం ఆ సంగతి మా ఆయనకు చెప్పాను. మరునాడు మధ్యాహ్నం నిద్ర లేస్తూనే, "ఈ పొద్దు ఏం చూస్తివి?" అని అడిగారు.

నేను చూసినవాటిలో ఆయనకు చెప్పనిది ఒకటి ఉంది. జనం పలచబడే వేళకు పెద్దాయన కుడివైపు చివర మూటలు పెట్టే మూలకు పోయేవాడు. ఒక మూట మీద కూర్చుని, కాలు చాపి, మోకాలు పిసుక్కునేవాడు. అంగడిలో పనివాళ్లు కూర్చోకూడదన్నది మామగారు పెట్టిన నియమం. మొదటిసారి చూసినప్పుడు ఎవరి ఇంట్లోకో తొంగి చూసినట్టయి, గబుక్కున కెమెరాను వాకిలివైపు తిప్పేశాను. అప్పటి నుంచి రోజూ ఆయన అటు పోగానే వాకిలివైపు తిప్పేసేదాన్ని.

ఒకరోజు మా ఆయనకు నిద్ర పట్టలేదు.

"కుడి పక్కకు తిప్పు" అన్నారు.

నా చేయి కదలలేదు.

"తిప్పమంటే?"

"ఇప్పుడు తిప్పను. పెద్దాయన మూట మీద కూర్చోనుంటాడు. మోకాళ్లు నొస్తాండాయి ఆయనకు. కాలు నొస్తే ఎట్లుంటుందో మీకు తెలీదా?"

పెళ్లైన ఇన్నేళ్లలో ఆయనకు అట్లా ఎదురు చెప్పింది లేదు. ఆయన ఫోన్ తీసి పెద్దాయనను పైకి రమ్మన్నారు. నా వల్ల ముసలాయన ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను.

మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఒక అడుగు, కాసేపు ఆగడం, మళ్లీ ఒక అడుగు. మా ఆయన గుమ్మం వైపే చూస్తూ పడుకున్నారు. పెద్దాయన గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఎన్నాళ్ల నుంచన్నా ఇట్లా?"

"రెండేండ్లయితాది సామీ."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే ఇంటికి పోయి కూచ్చో అంటావని. ఇంటికాడ నేనేం చేద్దును?"

మా ఆయన కట్టు కట్టిన తన కాలు చూసుకున్నారు. "రేపట్నుంచి స్టూలు ఏసుకో. గిరాకీ ముందరే కూచ్చో. ఎవురన్నా అడిగితే నేను చెప్పినానను."

పెద్దాయన తల ఊపి, వెళ్లబోతూ నా వైపు తిరిగాడు. "నాకెరికే అమ్మా. అది తిరిగేటప్పుడు కిర్రుమంటాది. నేను మూట మీద కూచ్చుంటానే వాకిలి పక్కకు తిరుక్కునేది. ఎవురో మంచోళ్లే ఉండారు పైన అనుకుంటాంటి."

మా ఆయన నవ్వారు, పడిన తరువాత మొదటిసారి.

వానలు మొదలయ్యే నాటికి ఆయన కర్ర ఊతంతో మెట్లు దిగారు. మరుసటి వేసవిలో కరెంటు ఎక్కువై కెమెరా కాలిపోయింది. బాగు చేయించుదామా అంటే, "నువ్వే దిగి రాగూడదా?" అన్నారాయన, ఏదో మామూలు మాటలా.

దిగాను. మొదటి రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెర మీద ఎప్పుడూ రానిది కొత్త బట్టల గంజి వాసన. దానికన్నా కొత్త సంగతి, నేను చూస్తే ఎదుటివాళ్లూ నన్ను చూడటం. ఆలూరు నుంచి వచ్చిన ఒక ముసలామె రెండు చీరలు ముందు పెట్టుకుని తేల్చుకోలేక నా వైపు చూసింది.

"నువ్వయితే ఏది కట్టుకుంటావు తల్లీ?"

ఆమె చేయి ఎటు పోతోందా అని చూశాను. రెండింటి మీదా చేతులు పెట్టి నా జవాబు కోసమే చూస్తోంది. పచ్చది చూపించాను.

"నాకు ఇదే బాగుంటాదంటావా?"

"శానా బాగుంటాదమ్మా" అన్నాను.