అంగారకుడి కాలువలు, గౌలిపుర బోరు

అంగారక గ్రహం మీద జీవం కోసం మానవజాతి సాగించిన మహాన్వేషణను ఇక్కడ వినిపించబోతున్నాను. సాహసం ఉంటుంది, కన్నీళ్లు ఉంటాయి. నిజానికి రెండూ లేవు. గౌలిపురలో మా పెరట్లో బోరు వేయించిన సంగతి ఉంది, అంతే.

ఆ ఎండాకాలం నల్లా నీళ్లు సరిగ్గా రాలేదు. మాకు మిగిలినవి రెండు బర్రెలు. బోరులో నీళ్లు పడకపోతే వాటిని అమ్మేస్తానని బాపు తేల్చి చెప్పి, కింద నీళ్లెక్కడున్నాయో పాయింటు చూసే పెద్దమనిషిని పిలిపించాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని పెరడంతా తిరిగాడు. కొట్టం పక్కకు రాగానే కాయ నిటారుగా లేచింది. బాపు చేతులు జోడించాడు. నా నోరు ఆగలేదు.

"బాపూ, ఎనకట ఒకాయన గిట్లనే దుర్భిణిల చూసి మార్స్ మీద గీతలున్నయన్నడు. ఇంకొకాయన అవి కాలువలేనన్నడు. ఆడుండే మనుషులు మంచు కరిగిన నీళ్లను ఊర్లకు మలుపుకుంటున్నరని పుస్తకాలే రాసిండు."

"మరి ఉన్నరా?"

"ఫోటోలు తీస్తే గుంతలు, దుమ్ము. కాలువల్లేవు, మనుషుల్లేరు."

"నీళ్లు బందైతే ఎవడుంటడ్రా? బర్లనమ్ముకొని పోయుంటరు."

ఈ కోణం శాస్త్రవేత్తలకు తట్టినట్టు లేదు. తర్వాత అక్కడ ఒక గుట్టలో మనిషి ముఖం కనిపించిందన్నారనీ, మంచి కెమెరాతో చూస్తే అది గుట్టేననీ చెప్పాను. ఇప్పుడు మట్టిలో కంటికి కనపడని పురుగు ఆనవాలైనా దొరక్కపోతుందా అని వెతుకుతున్నారని కూడా చెప్పాను.

"ఆళ్లే వెతుకుతున్నరు గద, నీదేంది లొల్లి? జరుగు, బండి రానియ్."

బోరు బండి మొదలవగానే ఎర్రటి దుమ్ము లేచింది. మేమూ, బర్రెలూ, కొబ్బరికాయ పెద్దమనిషీ ఒకే రంగులోకి వచ్చాం. లాడ్ బజార్లో గాజులమ్మే పక్కింటి భాయ్ మా మాటలన్నీ విన్నట్టున్నాడు, గోడ మీంచి తొంగిచూశాడు.

"మార్స్ కాయ్‌కు జానా మియా? ఇధరిచ్ ఆగయా!"

మార్సే మా పెరట్లోకి వచ్చేసిందన్న ఆ మాటకు బాపు నవ్వలేదు. బండివాడు ఆపమంటారా అని అడిగిన ప్రతిసారీ ఇంకొంచెం అన్నాడు. చివరికి రాతిపొడి కాస్త తడిగా వచ్చింది. అంగారకుడి మీద అంత తడి దొరికితే ప్రపంచమంతా పండగ చేసుకుంటుంది. మా పెద్ద బర్రె మాత్రం వాసన చూసి ముఖం తిప్పుకుంది.

"నీళ్లున్నయి. ఇంక కిందికున్నయి," అన్నాడు పెద్దమనిషి, కొబ్బరికాయ సంచిలో వేసుకుంటూ.

"బర్ల బేరగాడికి ఫోన్ చెయ్యాల్నా బాపూ?"

బాపు బర్రె వీపు మీది దుమ్మును తువ్వాలుతో దులుపుతూ నిలబడ్డాడు.

"ఉన్నయంటుండు గద. జర ఆగుదాం."

బర్రెలు ఇంకా మా దగ్గరే ఉన్నాయి. వాటికి నీళ్లు తెచ్చే ట్యాంకరు మా గల్లీలో పట్టదు కాబట్టి మలుపు దగ్గరే ఆగుతుంది. పైపు మనమే తీసుకెళ్లాలి.