తోలుటోపీ వాడితో నా పోటీ

ఆ రోజుల్లో, కొత్తగా పెళ్ళి చేసుకుని అమెరికాలో కాపురం పెట్టిన మగవాడికి శత్రువులెవరని అడిగితే, మా స్నేహితులు వీసా అనో, మంచు అనో, అత్తగారి ఫోన్ అనో చెప్పేవారు. నాకు వీటన్నిటికంటే పెద్ద శత్రువు ఒకడుండేవాడు. మంచి పొడగరి, ఉంగరాల జుట్టు, ఎదుటివాడికి ఒళ్ళు మండించే చిరునవ్వు. మా ఆవిడ రోజూ అన్నం వడ్డిస్తూ అతని కబుర్లే చెప్పేది. అతను చనిపోయి చాలా ఏళ్ళయిందన్న సంగతి నాకు ఓదార్పుగా ఉండవలసింది, కానీ ఉండేది కాదు. (బతికున్నవాడైతే ఎప్పటికైనా బట్టతల వస్తుందన్న ఆశైనా మిగిలేది.)

అప్పుడు మేం ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాది కాంట్రాక్టు ఉద్యోగం. మా ఆవిడ డిపెండెంట్ వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చెయ్యకూడదు, డ్రైవింగ్ ఇంకా రాదు. ఇంట్లో ఒక్కతీ కూర్చోలేక, నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఊరి మ్యూజియంలో జీతం లేని వాలంటీరుగా చేరింది. ఫుట్‌బాల్ ఆడినందుకు డబ్బులివ్వడం అప్పుడప్పుడే మొదలైన కాలంలో, ఆ ఊరికి సొంతంగా ఒక ప్రొఫెషనల్ జట్టు ఉండేదట. (అమెరికా ఫుట్‌బాల్ సుమండీ, కాళ్ళతో కంటే చేతులతోనూ భుజాలతోనూ ఎక్కువ ఆడేది.) వారమంతా గాజు ఫ్యాక్టరీలో పనిచేసి, ఆదివారం తోలుటోపీలు (అప్పటి హెల్మెట్లు అవే) తగిలించుకుని పక్క ఊళ్ళవాళ్ళ మీద పడేవారట. ఆ జట్టు ఆడింది ఒక్క సీజన్. ఆ సీజన్ గురించి అప్పటి పేపర్లో వచ్చిన వార్తలన్నీ కంప్యూటర్‌లో టైప్ చెయ్యడం మా ఆవిడకి అప్పగించిన పని.

ఆవిడ ఆ వార్తల్ని వారపత్రిక సీరియల్‌లా చదివేది. తర్వాతి పేజీలు ముందే తిరగేసి చూడడం తప్పని నియమం పెట్టుకుంది. ఏ రోజుకారోజు టైప్ చేసిన మ్యాచ్ ఆ సాయంత్రం నా కంచం ముందు మళ్ళీ జరిగేది. వానలో తొలి ఆట, రైలు ఆలస్యమై సగం జట్టుతోనే మొదలుపెట్టిన ఆట, గ్రౌండులోకి ఎవరిదో ఆవు వచ్చి ఆపేసిన ఆట, అన్నిట్లోనూ చివరికి ఊరి పరువు నిలబెట్టేది ఒక్కడే. అతని పేరు నా నోటితో పలకడం ఇష్టం లేక తోలుటోపీ అని పిలిచేవాణ్ణి. ఒక రోజు ఆఫీస్ నుంచి వచ్చేసరికి అతని ఫొటో కాపీ మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. మా పెళ్ళి ఫొటో ఇంకా సూట్‌కేస్‌లోనే ఉంది. ఆ పూట నేను పెరుగన్నం దాకా వెళ్ళకుండానే చెయ్యి కడిగేసుకున్నాను.

"భుజం జారిపోయినా గ్రౌండ్ వదల్లేదటండీ," అంది ఆవిడ ఒక రోజు, గరిట గాల్లోనే ఆపేసి. "ఆ చెయ్యి నడుముకి కట్టేసుకుని, రెండో చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తాడట."

"ఇన్సూరెన్స్ ఉండి ఉండదు. హాస్పిటల్‌కి వెళ్ళలేక ఆడుంటాడు," అన్నాను.

ఆవిడ నన్ను జాలిగా చూసి ఇంకో గరిటెడు పప్పు వేసింది. అంతకుముందు వారమే నేను జలుబుకి సెలవు పెట్టి పడుకున్నానన్న సంగతి ఇద్దరికీ గుర్తుంది. నేనూ ఊరుకోలేదు. ఆఫీస్‌లో సర్వర్ కూలిపోతే నేనెలా లేపి నిలబెట్టానో రసవత్తరంగా చెప్పడం మొదలుపెట్టాను. "అవునా, మంచిదే" అని, మళ్ళీ తోలుటోపీ దగ్గరికే వెళ్ళిపోయేది. చివరి మ్యాచ్‌లో మంచు పడుతుండగా ఆ జట్టు ఓడిపోయిందనీ, ఆ తర్వాత నడపలేక ఎత్తేశారనీ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. నా కోసం ఈ అమ్మాయి ఇంతవరకు ఒక్క కన్నీటిచుక్క కార్చలేదే అని నాకు కడుపు రగిలిపోయింది.

సరిగ్గా అప్పుడే, మ్యూజియం వాళ్ళు ఆ సీజన్ జ్ఞాపకార్థం పాతకాలం పద్ధతిలో ఒక ఆట ఏర్పాటు చేశారు. ఊలు స్వెటర్లు, తోలుటోపీలు, అంతా అప్పటిలాగే. మనుషులు చాలక మా మేనేజర్ ఆఫీస్‌లో అందర్నీ అడుగుతుంటే, ఆయన వాక్యం పూర్తి చేసేలోపే నేను చెయ్యెత్తాను. (అప్పటిదాకా నేను ఆడిన ఆటల్లో ఒళ్ళు నొప్పి పుట్టించింది క్యారమ్స్ ఒక్కటే.) ఆ ఆటలో నేను గెలవకపోయినా ఫరవాలేదు. ఒక్కసారి మా ఆవిడ తోలుటోపీని చూసే చూపుతో నన్ను చూస్తే చాలు.

ఆట సగమయ్యేదాకా నాకెవరూ బంతి ఇవ్వలేదు. తర్వాత కూడా ఎవరూ ఇవ్వలేదు, ఎవరి చేతుల్లోంచో జారి దానంతటదే నా పొట్టకి తగిలింది. పట్టుకుని పరిగెత్తాను. దాన్ని అవతలి గీత దాటించాలి, అంతే. ఎదురుగా ఎవరూ లేరు. గీత పక్కనే మా ఆవిడ చున్నీ నడుముకి బిగించి, రెండు చేతులూ ఊపుతూ ఎగురుతోంది. ఆ చూపు నా వైపే. అదుగో, ఆ క్షణంలో మా మేనేజర్ (ఆయన అవతలి జట్టు) పక్కనుంచి నా మీదికి దూకి, గురి తప్పి బోర్లా పడ్డాడు. నా కాలు వెళ్ళి ఆయన భుజానికి తగిలింది.

ఇక నేనేం చేశానో నాకు తెలియదు, నా చెయ్యి చేసింది. పెద్దాయనకి కాలు తగిలింది కదా, టక్కున ఆగి, వంగి, కుడి చేత్తో ఆయన భుజం తాకి కళ్ళకద్దుకున్నాను. ఆ కుడి చేతిలోనే బంతి ఉందని కళ్ళకద్దుకున్నాక గుర్తొచ్చింది. అప్పటికే దాన్ని ఎవరో ఎత్తుకుని వెనక్కి పారిపోతున్నారు. మిగిలినవాళ్ళు ఆగలేక ఒకరి తర్వాత ఒకరు నా మీద పడ్డారు. అందరికంటే కిందనున్న మా మేనేజర్, కంట్లో ఏమైనా పడిందా అని నన్ను ఎంతో ఆదరంగా అడిగాడు.

ఆ సాయంత్రం నడుము కింద ఐస్ పెట్టుకుని మంచం మీద పడుకున్నాను. పక్కగదిలో మా ఆవిడ ఇండియాకి ఫోన్ చేసింది. ఏం చెబుతుందోనని చెవులు అటే పెట్టాను. మొదట్నుంచీ మొదలుపెట్టింది. గ్రౌండు ఎలా ఉందో, గాలి ఎటు వీస్తోందో, బంతి ఎలా వచ్చిందో, ఒక్కటీ వదలకుండా, అచ్చంగా తోలుటోపీ ఆటల్ని చెప్పినట్టే చెప్పింది. నేను ఆగిన చోటికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక మాట రాలేదు. అవతల మా అత్తగారు గెలిచారా అని అడిగినట్టున్నారు.

"లేదమ్మా. బంతి వదిలేశారు," అంది మా ఆవిడ. "కానీ ఎంత బాగా వదిలేశారనుకున్నావ్."

నడుము నొప్పి సంగతే మరిచిపోయి, ఆవిడ ఫోన్ పెట్టేసేదాకా ఊపిరి బిగబట్టి విన్నాను.

ఇప్పుడు కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో ఉంటున్నాం. ఎవరింట్లో పాట్‌లక్ (తలో వంటకం తెచ్చుకునే విందు) జరిగినా ఆ కథ చెప్పమని మా ఆవిణ్ణి అడుగుతారు. ఏటేటా ఆ గ్రౌండు పొడవు పెరుగుతోంది, అందులో పరిగెత్తే కుర్రాడి వేగమూ పెరుగుతోంది. మొన్న స్నేహితుల కూతురు కథంతా నోరు తెరుచుకుని విని, "ఆంటీ, ఆ గై ఇప్పుడు ఎక్కడ ఉంది?" అని తన అమెరికా తెలుగులో అడిగింది. అందరూ నా వైపు చూశారు. ఆ పిల్ల నన్నూ, నా పొట్టనూ, నేను రెండోసారి వడ్డించుకున్న బిర్యానీనీ పరీక్షగా చూసి, "నో వే," అని తేల్చేసి, కథ ఇంకోసారి చెప్పమంది. మా ఆవిడ సంతోషంగా మళ్ళీ మొదలుపెట్టింది. ఆవిడ కళ్ళల్లో ఆ చూపు చూశాను, అచ్చం ఆనాటిదే. అది నా మీద లేదు, ఆ పరిగెత్తేవాడి మీద ఉంది. వాణ్ణి చూస్తే నాకెంత అసూయో చెప్పలేను.