ఎనిమిదా, పన్నెండా

ఈ రోజు కెమెరా కొనడానికి ఉదయగిరి నుంచి బస్సెక్కి ఆత్మకూరు వెళ్లాను. అక్కడ స్టూడియో నడిపే మస్తాన్ బల్ల మీద రెండు కెమెరాలు పెట్టాడు. రెండూ వాడినవే, బడిపంతులు జీతానికి అందేవే. ఒకే ఫిల్ము చుట్ట మీద ఒకటి చిన్న చదరపు ఫోటోలు పన్నెండు తీస్తుంది. రెండోది పెద్దవి తీస్తుంది గానీ ఎనిమిదే. పన్నెండు తీసేదే లాభం కదా అన్నాను.

“ఫోటోలు ఇంట్లోనే కడుక్కుంటానంటివి, మీ ఊళ్లో కరెంటు లేదు గదా సారూ. ఫోటో పెంచే మిషను ఎట్ట నడిపిస్తావు? ఫిల్ము మీద ఎంత పడితే ఫోటో అంతే,” అన్నాడు మస్తాన్.

నేను ఒప్పుకోలేదు. అతను వాదించలేదు. ఒక పెళ్లిలో అందరినీ నిలబెట్టి రెండు కెమెరాలతోనూ తీసిన ఫోటోలు సొరుగులో ఉంటే, వాటిని పట్టుకుని బయట అరుగు మీద మజ్జిగ అమ్ముతున్న పుల్లమ్మవ్వ దగ్గరికి వెళ్లాడు. ఆ పెళ్లి అవ్వ తమ్ముడి ఇంట్లోదే.

“అవ్వా, ఇందులో మీ ఆయన ఏడుండాడో చూపించు.”

చిన్న ఫోటో మీద అవ్వ వేలు చాలాసేపు తిరిగింది. “అందరూ ఆవగింజల మాదిరి ఉండారు నాయనా,” అని ఇచ్చేసింది. మస్తాన్ పెద్దది చేతిలో పెట్టాడు. అవ్వ దాన్ని చూస్తూనే కొంగు సర్దుకుని లేచి నిలబడింది. ఆయన పోయి రెండేళ్లయిందట. ఆయన ముందు ఆమె ఏనాడూ కూర్చోలేదట.

ఎనిమిది తీసేదే తెచ్చుకున్నాను. నాలుగు ఫోటోలు నష్టపోయావని మా హెడ్మాస్టరు గారు ఎగతాళి చేస్తున్నారు. అవ్వ అలా నిలబడే ఉండగా, మీరైతే ఏది కొనేవారో చెప్పండి.