ఉత్తరపు గదిలో చుట్టల కుండ

మొన్న వాన వెలిసిన ఒక ఉదయం, మదనపల్లె టమోటా మండీ పక్క సందులో నడుస్తున్నాను. నలిగి గుజ్జయిన టమోటాల పులుపు, తడిసిన గోనెసంచుల ముక్కవాసన, డీజిలు కమురు, వీటన్నిటి మధ్య నుంచి సన్నగా ఒక ఘాటు వచ్చి ముక్కుకు తగిలింది. లారీ పక్కన గొంతుక్కూర్చుని ఒక ముసలాయన చుట్ట కాలుస్తున్నాడు. ఈ కాలంలో చుట్ట తాగే మనిషి కనబడటమే అరుదు. బడికి ఆలస్యమవుతోందని తెలిసినా, పిల్లలు హాజరుకు ఎదురుచూస్తుంటారని తెలిసినా, అక్కడే నిలబడిపోయాను. నలభై దాటిన నా లోపల ఆ వాసనకు మొట్టమొదట లేచింది కుళ్ళు. తాత మీది ప్రేమ, పోయిన ఇంటి మీది బెంగ ఆ తరువాత మెల్లగా వచ్చాయి.

తొంభైల మొదట్లో మేము పుంగనూరులో, సంతకు పోయే దారిలో ఒక మట్టి మిద్దెలో ఉండేవాళ్ళం. మా నాయన వాళ్ళ నాయన, మా తాత, చెనిక్కాయల వ్యాపారి, వేరుశనగ కొని అమ్మేవాడు. పెద్దపంజాణి వైపు పల్లెల నుంచి ఎద్దులబండ్లలో, ఆ తరువాత ట్రాక్టర్లలో వచ్చే మూటలతో మా ముందరి వసారా నిండిపోయేది. పిడికెడు కాయలు తీసుకుని చెవి దగ్గర గలగలలాడించి, గింజ లోపల ఎంత ఎండిందో చెప్పేవాడు తాత. ఆ రోజుల్లో మా ఇంట్లో చట్నీ చెనిగ్గింజలది, పప్పుండ చెనిగ్గింజలది, సంగటిలోకి పులుసు చిక్కదనం చెనిగ్గింజలది, మా జేబుల్లో కూడా అవే. సాయంత్రం అంగడి కట్టేసి, నీళ్ళు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని వీధి తిన్నె మీద కూర్చుంటే మాత్రం తాతకు చెనిక్కాయల ఊసు పడేది కాదు. అప్పుడు ఆయనకు ఒక చుట్ట కావాలి. ఒకే ఒక్కటి. చీకటి పడేదాకా దాన్ని ఆర్పుతూ, వెలిగిస్తూ సాగదీసేవాడు.

చుట్టలు గంగవరం నుంచి సంతకు వచ్చే ఒకాయన దగ్గర నెలకొకసారి కట్టలుగా కొనేవాడు. కొనడం సులువే, మా ఎండలకు వాటిని నిలబెట్టుకోవడమే గొప్ప. వేరేవాళ్ళ చుట్టలు వేసవిలో పెళపెళమని విరిగి పొడి రాలేవి, వానల్లో తెల్లగా బూజు కప్పుకునేవి. తాత చుట్ట మాత్రం ఏ కాలంలో తీసినా నొక్కితే వేలికి మెత్తగా లొంగి, వదిలితే మళ్ళీ లేచేది.

దానికంతా కారణం ఉత్తరపు గది. ఇంట్లో అన్నిటికంటే చల్లనిది. కిటికీ లేదు, నీళ్ళ కడవలు అక్కడే ఉండేవి, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా ఆ బండల మీద అరికాలు పెడితే ప్రాణం లేచొచ్చేది. కడవల పక్కన ఒక పెద్ద బాన, బానలో సగానికి పైగా ఏటి ఇసుక, ఆ ఇసుకలో మెడదాకా పూడ్చిన చిన్న మట్టికుండ, కుండ మీద చెక్క మూత. అడుగున ఎండు వేపాకు పరిచి, పాత పంచె గుడ్డలో చుట్టలను చుట్టి కుండలో పెట్టేవాడు. వేసవిలో పొద్దునా సాయంత్రమూ ఇసుక మీద నీళ్ళు చిలకరించాలి, ఇసుక తడవాలి గాని కుండలోకి చుక్క దిగకూడదు. వానలు మొదలైతే తడి ఇసుక తీసేసి ఎండిన ఇసుక పోయాలి. పురుగు పడితే చుట్టకు సూది గుచ్చినట్టు సన్న బొక్క కనిపిస్తుంది. అలాంటిదాన్ని ఏరి పారేసి, మిగతావాటిని లేత ఎండలో కాసేపు ఉంచి, చల్లారాక లోపల పెట్టాలి. ఇంగువ, ఎండు మిరపకాయలు, కిరసనాయిలు ఆ గది గడప దాటకూడదు. చుట్ట పక్కనున్నదాని వాసనంతా తాగేస్తుందనేవాడు తాత.

ఆ కుండ మూత తీసే పని నాకు కావాలని నేను పడిన ఆశ ఇంతా అంతా కాదు. తాత వెనకాలే గదిలోకి పోయేదాన్ని. ఆయన ఒక్కొక్క చుట్టను చెవి దగ్గర మెల్లగా తిప్పి, ఎండి పెళపెళమంటుందేమోనని వింటుంటే, ఆయన మొహంలోకే చూస్తూ నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. కానీ నాకు పుట్టుకతోనే అరచేతులు చెమరుస్తాయి. గచ్చకాయలాటలో కాయలు చేతికి అతుక్కుపోయేవి. చెమ్మచెక్క ఆడేటప్పుడు పిల్లలు నా చెయ్యి పట్టుకుని, వెంటనే పావడకు తుడుచుకునేవాళ్ళు. ఒకరోజు తాత కూడా నా చెయ్యి తిప్పి చూశాడు.

"నీ సేతులు తడి పాపా. నువ్వు తాకితే సుట్టకు బూజు పడ్తాది. నువ్వు నీళ్ళు తెచ్చియ్యి, నేను సల్లుకుంటా," అన్నాడు.

ఆ మాటలో విసుగేమీ లేదు. అయినా నేను అమ్మ పౌడరు డబ్బా ఖాళీ చేశాను, పొయ్యి బూడిద రుద్దుకున్నాను, మిద్దెక్కి అరచేతులు రెండూ సూర్యుడికి చూపిస్తూ నిలబడ్డాను. చేతులు కాలాయి గాని చెమట ఆగలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చే పనితోనే సరిపెట్టుకున్నాను, పెద్దయితే తగ్గుతుందిలే అనుకుంటూ.

అప్పుడు వచ్చింది సుగుణ. కుప్పంలో ఉండే మా అత్త, తాతకు ఒక్కగానొక్క కూతురు, కామెర్లతో పోయింది. మామ గ్రానైటు క్వారీలో పని చేసేవాడు, పొద్దున పోతే ఏ వేళకు ఇల్లు చేరేదీ తెలియదు. అందుకని వాళ్ళ కూతురిని తాత మా ఇంటికి తెచ్చుకున్నాడు. వరసకు నాకు వదిన, రెండేళ్ళు పెద్దది. సన్నగా, మాట తక్కువగా ఉండేది. ఒక రేకుపెట్టె తెచ్చుకుంది. అందులో గౌన్ల కింద వాళ్ళమ్మ చీర, చిలకపచ్చ వాయిలు చీర ఒకటి ఉండేది. పడుకునేటప్పుడు దాన్ని మడిచి తల కింద పెట్టుకునేది. ఆ చీర ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

వచ్చిన వారంలోనే తాత ఆమెను ఉత్తరపు గదిలోకి పిలిచాడు. నేను చెంబుతో గడప దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె చేతులు పట్టి చూసి, "బలే పొడిగా ఉండాయి మా, నీ సేతులు. ఈ కుండ ఇంగ నువ్వే సూడు," అన్నాడు. సుగుణ మూత తీసింది. ఎన్నో నెలలుగా నేను కలలు కన్న మూత అది. మొహంలో సంతోషం కూడా లేకుండా, బీరువా తలుపు తీసినట్టు తీసేసింది. ఆ సంతోషం లేకపోవడమే నన్ను ఎక్కువ మండించింది.

ఆ పైన ఏం చూసినా నాకు కుళ్ళే. ఆమె కొత్త నోటుబుక్కు పేజీ లాంటి అరచేతులను చూస్తే కుళ్ళు. గచ్చకాయలు ఎగరేసి ఒక్కటీ జారకుండా పట్టుకుంటుంటే కుళ్ళు. ఉత్తరపు గదిలో ఒక్కతే అంతసేపు కూర్చుని చుట్టలు తిప్పుకుంటుంటే కుళ్ళు. ఉగాదికి ఓళిగలు తిని, చేతులకు అంటిన నెయ్యి సబ్బుతో కడిగి, తుడిచి, ఆరబెట్టుకుని, ఇత్తడి తట్టలో చుట్ట తెచ్చి తిన్నె మీద పెట్టేది. తాత దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "మాయమ్మే," అనేవాడు. నన్ను ఆయన పాపా అన్నాడు, బంగారూ అన్నాడు, సంత నుంచి బొరుగుల ఉండలు తెచ్చి ఇద్దరికీ సమానంగా పంచాడు. మాయమ్మే అని మాత్రం ఎన్నడూ అనలేదు. నీళ్ళ చెంబు గడప దగ్గర పెట్టేసి, పెరట్లోకి పోయి, ఎవరూ లేని చోట ఆ మాటను నాకు నేనే అనుకుని చూసుకునేదాన్ని.

ఒక కార్తీకంలో తుఫాను పట్టింది. అంతకు ముందు రోజే తాతకు ఆయాసం ఎక్కువై, నాయన ఆయన్ని మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాడు. వాన తెరిపి లేకుండా కురిసింది. వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయి. ఇంట్లో అమ్మ, సుగుణ, నేను. వసారాలోకి నీళ్ళు వస్తుంటే ముగ్గురమూ చెనిక్కాయ మూటలను లోపలికి లాగుతున్నాం. అంతలో ఉత్తరపు గదిలో దబ్బున మట్టి రాలిన చప్పుడయింది. మిద్దె కారి ధార సరిగ్గా బాన మీద పడుతోంది.

సుగుణ మూట వదిలేసి పరిగెత్తింది. బురదయిన ఇసుకను రెండు చేతులతో తవ్వి, కుండను పైకి లాగి గుండెకు ఆనించుకుని వంటింట్లోకి తెచ్చింది. లోపలి గుడ్డ నానింది గాని చుట్టలకు ఇంకా తడి ఎక్కలేదు. ఎండిన గుడ్డ కోసం ఇల్లంతా వెతికింది. దండెం మీదివి తడి, దుప్పట్లు తడి, అమ్మ చీరల మీద గోడ నీళ్ళు. కాసేపు నడింట్లో నిలబడింది. తరువాత రేకుపెట్టె తీసి వాళ్ళమ్మ చీర బయటికి తీసింది.

"దాన్ని యాల తీస్తాండావు పాపా, మీయమ్మ సీర అది!" అంది అమ్మ.

"ఎండింది ఇదొకటే ఉండాది అత్తా," అంది సుగుణ.

చీర పరిచి, ఒక్కొక్క చుట్టనూ ఎడం ఎడంగా పేర్చి, మడత మీద మడతగా చుట్టి, కారని మూల చూసుకుని, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజంతా కదల్లేదు. అమ్మ సంగటి ముద్ద నోట్లో పెడితే తింది.

వాన తగ్గాక తాత వచ్చాడు. చిక్కిపోయాడు. చుట్ట మానకపోతే లాభం లేదని డాక్టరు చెప్పిన మాట నాయన మెల్లగా అమ్మ చెవిలో వేస్తున్నాడు. సుగుణ ఆ మూటను తెచ్చి తాత చేతుల్లో పెట్టింది. ఆయన మొదట గుర్తుపట్టలేదు. పచ్చ అంచు చూశాక వేళ్ళు ఆగిపోయాయి. మూట విప్పకుండానే మొహానికి ఆనించుకున్నాడు. తాత ఏడవడం నేను చూడటం అదే మొదలు, అదే కడ.

"మీయమ్మ సిన్నప్పుడు ఈ కుండ అదే సూసేది మా," అన్నాడు. "దాని పావడంతా ఇదే వాసన. పెండ్లయి పోయినాంక నేనెవురినీ ముట్టనీలేదు. నువ్వొచ్చినాంకే..."

నేను గడప దగ్గరే ఉన్నాను. నా అరచేతులు చూసుకున్నాను. అవి ఎండినా నాకు ఆ కుండ వచ్చేది కాదని అప్పుడు అర్థమయింది. తెలిస్తే కుళ్ళు తగ్గాలి. తగ్గలేదు, సుగుణను దాటి నాకు మొహం కూడా సరిగ్గా గుర్తులేని అత్త మీదికి పోయింది. బతికున్నవాళ్ళ మీద కుళ్ళుకుంటే ఎప్పుడో ఒకనాడు వాళ్ళలో ఒక వంక దొరుకుతుంది, కాస్త ఊరట ఉంటుంది. పోయినవాళ్ళలో ఏ వంకా దొరకదు.

ఆ సాయంత్రం నుంచి తాత చుట్ట ముట్టించలేదు. సుగుణ మాత్రం రోజూ ఒకటి తెచ్చేది. ఆయన వాసన చూసి తిరిగి ఇచ్చేసేవాడు. ఆమె ఆ చీరను సబ్బుతో, సీకాయతో, కుంకుడు రసంతో ఎన్నిసార్లు ఉతికిందో. పొగాకు వాసన పోలేదు. ఇక దాన్ని తల కింద పెట్టుకోవడం మానేసింది, పెట్టె అడుగున వేసేసింది. చీర పాడైందని విసుగేమో అనుకున్నాను అప్పట్లో. అందులో మిగిలిన వాళ్ళమ్మ వాసనను ఆమె మా తాత చుట్టలకు ఇచ్చేసిందని నాకు బిడ్డలు పుట్టాక గాని తట్టలేదు.

పదో తరగతి కాగానే సుగుణ కుప్పం వెళ్ళిపోయింది, వాళ్ళ నాయనకు వండిపెట్టడానికి. ఇక కుండ నాదే అనుకున్నాను. తాత పిలుస్తాడని రోజూ సాయంత్రం తిన్నె చుట్టూ తిరిగాను. ఒకరోజు పిలిచాడు.

"ఆ బాన బయటికి తీపిచ్చి తులసి సెట్టు ఏసుకోమను పాపా మీయమ్మను. ఇంగెవురికి అది?"

సరే తాతా, అన్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు ఆయన పోయాడు.

ఆ లారీ పక్కన చుట్ట వాసన తగిలిన వారంలోనే, ఆదివారం, కుప్పం వెళ్ళాను. సుగుణ రైలు గేటు దగ్గర బట్టలు కుడుతుంది. జుట్టు ముందర నెరిసింది. సంగటి, ఉలవల పులుసు పెట్టింది. తింటూ తింటూ, ముప్పై ఏళ్ళుగా మోస్తున్న మాట ఆమె ముందు పెట్టేశాను, ఆ కుండ మీద, ఆమె మీద, నాకెంత కుళ్ళుండేదో. ఆమె పకపక నవ్వింది.

"నాకు సుట్టల వాసన పడేదే కాదు మే."

"మరి అంతసేపు యాల కూసుండేదానివి ఆడ?"

ఆమె గిన్నెలో గరిటె తిప్పింది. "ఆ గోడకవతల మీయమ్మ నీకు తల దువ్వుతాండేది గదా. నువ్వు నొప్పి నొప్పి అని ఇల్లెగిరిపోయేటట్టు అరిసేదానివి. సుట్టలు తిప్పుతా అదే ఇంటాండేదాన్ని. ఒళ్ళు మండేది నాకు."

"అమ్మ నీక్కూడా జడేసేది గదా వదినా?"

"ఏసేది. నాదే ముందు ఏసేది. కానీ నేనెప్పుడూ అరవలేదు. అట్ల అరిసేదానికి సొంత అమ్మ కావల్ల."

ఆమె మళ్ళీ నవ్వి, "ఇంగా ఉండాదా కుళ్ళు?" అంది. ఉందన్నాను. "నాగ్గూడా ఉండాదిలే, తిను," అని ఇంకో ముద్ద వేసింది.

తిరిగి వచ్చే బస్సు పలమనేరు మీదుగా పుంగనూరులోకి వచ్చింది. సంత దారిలో మా ఇల్లున్న చోట మూడంతస్తుల భవనం, కింద సెల్‌ఫోన్ల అంగడి. మట్టి మిద్దెలు ఆ వీధిలో ఒక్కటీ లేవు, చెనిక్కాయ మూటలు లేవు, గంగవరం చుట్టలాయన పేరు తెలిసినవాళ్ళు కూడా లేరు. తాత లేడు. అమ్మ పోయి కూడా ఏళ్ళయింది. ఇంట్లో ఇప్పుడు నా జుట్టు నేనే దువ్వుకుంటాను, చిక్కు తగిలితే మెల్లగా విడదీసుకుంటాను, ఎవరికీ చెప్పను. బస్సు ఆ భవనం ముందు కాసేపు ఆగింది. కిటికీలోంచి చూస్తుంటే, అమ్మ మోకాళ్ళ మధ్య కూర్చుని, తల వెనక్కి లాగుతుంటే, నొప్పి నొప్పి అని ఊరంతా వినబడేటట్టు అరుస్తున్న ఆ పదేళ్ళ పిల్ల మీద, ఒకప్పటి నా మీదే, పుట్టిన కుళ్ళు ముందు, నా వెనకటి కుళ్ళంతా ఏమీ కాదనిపించింది.