కొలతకు రాని ఫిరంగులు

మనామా పక్కన తుబ్లీలోని వర్క్‌షాపులో మా లేత్ మేస్త్రి ఏ నీళ్ల పంపు విప్పినా, ముందు దాని రంధ్రంలో చిటికెనవేలు పెట్టి, కళ్లు మూసుకుని మెల్లగా తిప్పేవాడు. మా దగ్గరికొచ్చే పాత పంపులు ఒక్కొక్కటి ఒక్కో దేశానివి. ఒకదాని ఇరుసు చుట్టూ ఉండే ఇత్తడి బుష్షు ఇంకోదానికి పట్టదు. "దీని బుద్ధి వేరు, దాని బుద్ధి వేరు" అని ముద్దుగా తిడుతూ, దేనికి దానికే బుష్షు చేసేవాడు.

తొంభైల నడుమ మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అన్నీ ఒకే రకం పంపులు తెప్పించాడు. వాటి బుష్షులు డబ్బాల్లో తయారుగా వచ్చాయి. మేస్త్రికి ఖలాస్, ఇక పని లేదు, ఇంటికి పొమ్మని చెప్పేశారు.

ఆ మధ్యాహ్నం ఆయనతో ఏం మాట్లాడాలో తోచక, మనామా గ్రంథాలయంలో చదివింది చెప్పాను. పూర్వం ఫ్రాన్సులో ఏ ఫిరంగి గుండు దానిదేనట. పక్కన గుండ్ల కుప్ప ఉన్నా పేల్చలేక అవస్థపడేవారట. చివరికి రాజు ఆరు కొలతలే ఉండాలని శాసించాడట.

"మంచి పనే జేసిండు," అన్నాడు మేస్త్రి. "మరి గా కొలతల్ల రాని పాత ఫిరంగులను ఏం జేసిన్రు తమ్మీ?"

ఎవరికి ఏ కథ చెబుతున్నానో అప్పుడు తెలిసొచ్చింది.

"కరిగించి కొత్తవి పోసుకున్నారు మేస్త్రీ. కంచు కదా."

"నయమే. గవి మల్ల పనికొచ్చినయి. నాకు యాభై దాటినయి. వాపసు పోతే జగిత్యాలల నన్నెవడు కరిగిస్తడు?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆయన సామాన్ పెట్టెకు తాడు కడుతుంటే రెండో కొస పట్టుకున్నాను. అంతకు మించి నాకేమీ చేతకాలేదు.